స్లాబ్ పోసేలోపు: కరెంటు, ప్లంబింగ్, ఫైర్, ఏసీ పనులను ఒక తాటిపైకి తెచ్చే పద్ధతి

హైదరాబాద్‌లో కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు లేస్తున్న ఆఫీసు టవర్లలో ఏ అంతస్తు తీసుకున్నా, ఒక్క స్లాబ్ మీద పది రకాల పనివాళ్లు చేరతారు. సెంట్రింగ్ వాళ్లు, స్టీల్ కట్టేవాళ్లు, పీటీ (పోస్ట్ టెన్షనింగ్, అంటే కాంక్రీట్ గట్టిపడ్డాక లోపలి ఉక్కు కేబుళ్లను లాగి బిగించే పద్ధతి) కేబుల్ వాళ్లు, కరెంటు, ప్లంబింగ్, ఫైర్, ఏసీ, డేటా కేబులింగ్, లిఫ్టు కంపెనీ, బయట అద్దాలు బిగించే గ్లేజింగ్ వాళ్లు. ఎవరి కాంట్రాక్టు వాళ్లది, ఎవరి డ్రాయింగు వాళ్లది. కాంక్రీట్ మాత్రం అందరికీ కలిపి ఒకేసారి పడుతుంది. అప్పుడు ఒక్క రంధ్రం మరిచిపోయినా, గట్టిపడ్డ కాంక్రీట్‌ను కోసే కోర్ కటింగ్ మెషిన్ తెప్పించాలి, స్ట్రక్చరల్ కన్సల్టెంట్ అనుమతి తీసుకోవాలి, కింది అంతస్తులోకి కారే బురదనీళ్లు ఎత్తిపోయాలి. పీటీ స్లాబ్ అయితే ప్రమాదం కూడా ఉంది. లోపలి 12.7 మి.మీ. స్ట్రాండ్ (ఉక్కు తీగల పేట) ఒక్కొక్కదాన్నీ దాదాపు 14 టన్నుల బలంతో లాగి లాక్ చేస్తారు. డ్రిల్లు దానికి తగిలితే స్లాబ్ బలం తగ్గుతుంది, డ్రిల్లు పట్టుకున్న మనిషి ప్రాణానికీ ముప్పు వస్తుంది.

మెయిన్ కాంట్రాక్టర్ తరఫున ఈ పనులన్నీ కలపాల్సిన సైట్ ఇంజినీర్ కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణకు 600 చదరపు మీటర్ల పోత, 200 మి.మీ. మందం ఉన్న పీటీ ఫ్లాట్ స్లాబ్ (బీములు లేకుండా నేరుగా స్తంభాల మీద ఆనేది), స్తంభాల దగ్గర డ్రాప్ ప్యానెళ్లు (స్లాబ్ మందంగా కిందికి దిగే భాగాలు) అనుకుందాం. మామూలు బీమ్ స్లాబ్‌కీ ఇందులో చాలాభాగం పనికొస్తుంది. ఒక్క సూత్రాన్ని మాత్రం ఎవరి కోసమూ సడలించకండి: స్లాబ్‌లో పడే ప్రతి రంధ్రం, ప్రతి పైపు ఒకే డ్రాయింగులో కనిపించాలి, ఆ డ్రాయింగుకు పేరుతో సహా ఒకే మనిషి బాధ్యుడిగా ఉండాలి.

మూడు వారాల ముందు: ఎవరికి ఏం కావాలో రాబట్టండి

పోతకు కనీసం మూడు వారాల ముందు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టండి. కరెంటు, ప్లంబింగ్, ఫైర్, ఏసీ వాళ్లను పిలవడం ఎవరూ మరిచిపోరు. మరిచిపోయేది మిగతావాళ్లనే. గ్లేజింగ్ కాంట్రాక్టర్‌కు స్లాబ్ అంచున ఇనప ప్లేట్లో, కాంక్రీట్‌లోనే పాతే కాస్ట్-ఇన్ చానెళ్లో కావాలి. అవి స్టీల్‌తో పాటే లోపల కూర్చోవాలి. లిఫ్టు కంపెనీకి షాఫ్టు పైకప్పులో హుక్కులు, డోర్ సిల్ దగ్గర సపోర్టులు కావాలి. జనరేటర్ పొగగొట్టం ఎక్కడి నుంచి పైకి వెళ్తుందో ఎవరో ఒకరు చెప్పాలి. పిడుగు రక్షణకు స్తంభాల స్టీల్‌నే కిందికి దించే కండక్టర్‌గా వాడుతుంటే, ఆ కడ్డీల జోడింపు ప్రతి అంతస్తులో తెగకుండా ఉండాలి. కాబట్టి ఆ క్లాంపులు, వెల్డింగు ఎవరి పరిధిలోవో ఆ రోజే తేల్చండి.

ప్రతి ఒక్కరి నుంచీ ఒక పట్టిక తీసుకోండి. రంధ్రం నంబరు, గ్రిడ్ లైన్ల (డ్రాయింగులో స్తంభాల వరసలను చూపే గీతల) నుంచి రెండు దిక్కులా దూరం, రంధ్రం సైజు, అందులో వెళ్లేది ఏమిటి, చుట్టూ ఇన్సులేషన్ ఉందా. ఈ చివరి గడి తప్పనిసరి. పైపు సైజు అడిగితే పైపు సైజే చెప్తారు, స్లీవ్ (పైపు వెళ్లడానికి కాంక్రీట్‌లో వదిలే గొట్టం) సైజు లెక్క వేరు.

చల్లటి నీళ్లు తిరిగే 100 మి.మీ. ఏసీ పైపునే చూడండి. ఉక్కు పైపు బయటి వ్యాసం 114 మి.మీ. చుట్టూ 50 మి.మీ. ఇన్సులేషన్ వేస్తే రెండు వైపులా కలిపి 214 అవుతుంది. 150 స్లీవ్ వదిలితే పైపు పడుతుంది గానీ ఇన్సులేషన్ పట్టదు. సరిగ్గా స్లాబ్ దాటే చోట ఇన్సులేషన్ తెగిపోతే అక్కడ చెమ్మ పట్టి, కింద ఫాల్స్ సీలింగ్ మీద మరకలు పడతాయి. కాబట్టి దీనికి 250 స్లీవ్ వదలాలి. 110 మి.మీ. పీవీసీ డ్రెయిన్ పైపుకు 160 స్లీవ్, 150 మి.మీ. ఫైర్ రైజర్‌కు (మంటలార్పే నీళ్లను పై అంతస్తులకు తీసుకెళ్లే నిలువు పైపుకు) 200 స్లీవ్ సరిపోతాయి. అలాగని పెద్దగా వదిలేస్తే నయం అనుకోవద్దు. ఆ ఖాళీని తర్వాత మంట ఆపే పదార్థంతో నింపాలి, ఆ ఫైర్ స్టాపింగ్ సిస్టమ్‌లను ఇంతవరకే ఖాళీ ఉండాలని పరీక్షించి ఉంటారు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం అంతస్తుల మధ్య నిలువు రంధ్రాలను మంట, పొగ పైకి పాకకుండా మూయాలి. స్లీవ్ సైజు ఖరారు చేసేముందు ఫైర్ స్టాపింగ్ సరఫరాదారుతో ఒక మాట అనుకోండి.

రెండు వారాల ముందు: అన్నీ ఒకే డ్రాయింగు మీద

ఇప్పుడు ఆ పట్టికలన్నిటినీ స్ట్రక్చరల్ డ్రాయింగు మీదికి ఎక్కించండి. ఆర్కిటెక్ట్ ప్లాన్ మీద కాదు. ప్లాన్‌లో ఖాళీగా కనిపించే చోటే స్లాబ్ లోపల పీటీ కేబుళ్ల కట్ట వెళ్తూ ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ మోడల్ ఉంటే మంచిదే. లేకపోయినా, ఒక్కో ట్రేడ్‌కు (పని విభాగానికి) ఒక్కో రంగు ఇచ్చి పెద్ద షీట్ మీద ప్రింట్ తీస్తే సగం గొడవలు అక్కడే బయటపడతాయి.

మొదట స్తంభాల చుట్టూ చూడండి. ఫ్లాట్ స్లాబ్ బలహీనత అక్కడే. బరువంతా స్తంభం దగ్గరికి చేరి, స్లాబ్‌ను గుచ్చుకుని కిందికి దిగాలని చూస్తుంది. దీన్నే పంచింగ్ షియర్ అంటాం. స్తంభం నుంచి స్లాబ్ మందానికి పది రెట్ల దూరం లోపల రంధ్రం వస్తే, లేదా కాలమ్ స్ట్రిప్‌లో (స్తంభాల వరస వెంట సాగే స్లాబ్ పట్టీలో) ఎక్కడ వచ్చినా, పంచింగ్ లెక్క మళ్లీ చేయాలని కాంక్రీట్ పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 చెప్తోంది. మన స్లాబ్ 200 మి.మీ. కాబట్టి స్తంభం చుట్టూ 2 మీటర్లు అనుమానపు జోన్. ప్లంబర్లకు స్తంభం పక్కనే పైపు దింపడం ఇష్టం, ఎందుకంటే తర్వాత దాన్ని బాక్సింగ్‌లో దాచేయొచ్చు. ఆ సౌకర్యం కోసం వచ్చే ప్రతి స్లీవ్‌నూ స్ట్రక్చరల్ కన్సల్టెంట్ చూసి సంతకం పెట్టాలి. వాట్సాప్‌లో "ఓకే సార్" అన్న సమాధానం చాలదు.

రెండు కాలమ్ స్ట్రిప్‌లు కలిసే చోట ఏ స్ట్రిప్ వెడల్పులోనూ ఎనిమిదో వంతుకు మించి రంధ్రాలు ఉండకూడదు. కాలమ్ స్ట్రిప్, మిడిల్ స్ట్రిప్ (రెండు కాలమ్ స్ట్రిప్‌ల మధ్య పట్టీ) కలిసే చోట ఏ స్ట్రిప్ స్టీల్‌లోనూ నాలుగో వంతుకు మించి తెగకూడదు. రెండు మిడిల్ స్ట్రిప్‌లు కలిసే ప్యానెల్ నడిమి భాగం పెద్ద రంధ్రాలకు అనువైనది. షాఫ్టులు (పైపులు, డక్టులు నిలువుగా వెళ్లే దారులు) అక్కడికి జరిగేలా ఆర్కిటెక్ట్‌ను ఒప్పించగలిగితే అందరికీ సుఖం. రంధ్రం వల్ల ఎంత స్టీల్ తెగితే అంత స్టీల్ చుట్టూ అదనంగా పెట్టాలి. మూలల్లో పగుళ్లు రాకుండా ఏటవాలు కడ్డీలు కూడా వేయాలి. ఈ అదనపు స్టీల్ బార్ బెండింగ్ షెడ్యూల్‌లోకి (కోసి వంచాల్సిన కడ్డీల జాబితాలోకి) ఎక్కిందో లేదో మీరే చూడండి. డ్రాయింగులో ఉండి షెడ్యూల్‌లో లేని కడ్డీ సైట్‌కు రాదు.

పీటీ కేబుళ్ల విషయంలో ఇంకో సంగతి. కేబుల్ తిన్నగా పోదు. స్తంభాల మీద స్లాబ్ పైభాగానికి దగ్గరగా, స్పాన్ (రెండు స్తంభాల మధ్య దూరం) మధ్యలో అడుగుభాగానికి దగ్గరగా వంపు తిరుగుతూ వెళ్తుంది. అందుకే స్పాన్ మధ్యలో కింది నుంచి హ్యాంగర్ కోసం డ్రిల్ చేయడం, స్తంభం దగ్గర పై నుంచి డ్రిల్ చేయడం రెండూ అపాయమే. డక్టులు, కేబుల్ ట్రేలు ఎక్కడ వేలాడతాయో ముందే తెలిస్తే, హ్యాంగర్ల ఇన్సర్టులు కాంక్రీట్‌లోనే వదిలేయొచ్చు. రంధ్రం కేబుల్ దారిలో వస్తే కేబుల్‌ను పక్కకు మెల్లగా వంచి తీసుకెళ్లొచ్చు. ఆ వంపు ఎంత ఉండాలన్నది పీటీ డిజైనర్ నిర్ణయం. డెక్ మీద చేత్తో నెట్టేది కాదు.

ఎత్తుల లెక్క వేయకుండా రంధ్రాల లెక్క పూర్తి కాదు

స్లాబ్ పైనుంచి స్లాబ్ పైకి 3900 మి.మీ. అనుకుందాం. స్లాబ్ మందం 200 పోతే 3700. రైజ్డ్ ఫ్లోర్‌కు (స్లాబ్ మీద ఎత్తి అమర్చే నేలకు) 150 పోతే 3550. ఫాల్స్ సీలింగ్ కింద 2700 ఎత్తు కావాలి. అంటే సీలింగ్ పైన మిగిలేది 850. ఏసీ డక్టు 350, ఇన్సులేషన్ పైనా కిందా 25 చొప్పున, సపోర్టుకు 50 వేస్తే 450. లైట్లకు 120. ఇక మిగిలింది 280. డ్రాప్ ప్యానెల్ ఇంకో 200 కిందికి దిగితే అక్కడ మిగిలేది 80 మాత్రమే. 110 మి.మీ. డ్రెయిన్ పైపు 1:60 వాలుతో 6 మీటర్లు నడిస్తే వాలుకే 100 కావాలి. కాబట్టి డక్టు, డ్రెయిన్ ఒకదాని కింద ఒకటిగా డ్రాప్ కింద నుంచి వెళ్లలేవు. ఈ లెక్క ఈ రోజే తెలిస్తే టాయిలెట్ స్లీవ్‌ను షాఫ్టుకు దగ్గరగా జరుపుతారు. స్లాబ్ పోశాక తెలిస్తే సీలింగ్ ఎత్తు తగ్గించమని క్లయింట్‌ను బతిమాలాలి.

దారి కోసం పోటీ వచ్చినప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలన్నది పలుకుబడిని బట్టి తేలకూడదు. వాలు మీద నడిచే డ్రెయిన్లు మొదట, ఎందుకంటే నీళ్లు పైకెక్కవు. తర్వాత పెద్ద డక్టులు. ఆ తర్వాత స్ప్రింక్లర్, నీళ్ల పైపులు, అవి ఒత్తిడితో నడుస్తాయి కాబట్టి వంపులు తిరగగలవు. కేబుళ్లు అందరికంటే చివర. అవి ఎటైనా తిరుగుతాయి.

టాయిలెట్లకు సంకెన్ స్లాబా (పైపులు పట్టేలా కిందికి దించి పోసేది), లేక పైపులు కింది అంతస్తు సీలింగ్‌లో వేలాడదీయడమా అన్నది కూడా ఇక్కడే తేల్చాలి. నా మొగ్గు వేలాడదీయడం వైపే. సంకెన్‌లో లీకు వస్తే టైల్స్ పగలగొట్టేదాకా ఎక్కడో తెలియదు. కాకపోతే కింది అంతస్తు వేరే కంపెనీకి అద్దెకిస్తే, రిపేరుకు వాళ్ల ఆఫీసులోకి వెళ్లాల్సి వస్తుంది. టాయిలెట్లు అంతస్తు అంతస్తుకూ ఒకదానిపై ఒకటి వస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

స్లాబ్ లోపల కండ్యూట్ వీలైనంత తగ్గించండి

ఇళ్ల స్లాబులకు అలవాటుపడిన ఎలక్ట్రీషియన్ ఆఫీసు స్లాబ్‌లోనూ అన్ని కండ్యూట్లూ (వైర్లు వెళ్లే పైపులు) కాంక్రీట్‌లో పాతాలనే చూస్తాడు. అవసరం లేదు. ఫాల్స్ సీలింగ్ ఉన్న చోట కేబుల్ ట్రే పెట్టుకోవచ్చు, రైజ్డ్ ఫ్లోర్ ఉన్న చోట కింద రేస్‌వే (కేబుళ్లు వెళ్లే మూసిన కాలువ) వేసుకోవచ్చు. పార్కింగ్, మెట్ల దారి, సీలింగ్ రాని సర్వీసు గదుల వంటి చోట్లకే స్లాబ్ కండ్యూట్‌ను పరిమితం చేయండి. అద్దెకొచ్చే కంపెనీ లోపల ఎలాగూ మారుస్తుంది.

పాతక తప్పని చోట, 2011 నాటి అమెరికన్ కోడ్ ఏసీఐ 318లోని పద్ధతి సైట్‌లో గుర్తుంచుకోవడానికి బాగుంటుంది. కండ్యూట్ మందం స్లాబ్ మందంలో మూడో వంతు దాటకూడదు, రెండు కండ్యూట్ల మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి వ్యాసానికి మూడు రెట్ల దూరం ఉండాలి. 200 స్లాబ్‌లో మూడో వంతు అంటే 66 మి.మీ. ఒక 25 కండ్యూట్ మీదుగా ఇంకో 25 దాటితే 50, పర్వాలేదు. ఆ రెండింటి మీదుగా మూడోది దాటితే 75, కుదరదు. పక్కపక్కన వెళ్లేటప్పుడు 75 మి.మీ. ఎడం. డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర పదిహేను పైపులు ఒక్కచోటికి వచ్చి కట్టలా చేరిపోతాయి. అక్కడ మిగిలేది ప్లాస్టిక్కే, కాంక్రీట్ ఉండదు. బోర్డు వైపు విసనకర్రలా విడదీసి రమ్మనండి. ఎక్స్‌పాన్షన్ జాయింట్ దాటే కండ్యూట్‌కు అక్కడ సాగే కప్లింగు ఉండాలి, లేకపోతే స్లాబ్ కదిలినప్పుడు తెగుతుంది.

డెక్ మీద వరస

షట్టరింగు లెవెల్ చూశాక, స్టీల్ పడకముందు మార్కింగు జరగాలి. ఇక్కడ చాలా సైట్లు తొందరపడతాయి. టోటల్ స్టేషన్‌తో (సర్వే కొలతల పరికరంతో) గ్రిడ్ లైన్లు ప్లైవుడ్ మీదికి దించండి, ప్రతి రంధ్రాన్నీ గ్రిడ్ నుంచే కొలవండి. షట్టర్ అంచు నుంచి కొలవడం మొదలుపెడితే అంచు 20 మి.మీ. జరిగినప్పుడల్లా రంధ్రాలన్నీ జరుగుతాయి, పై అంతస్తుకు వెళ్లేసరికి పైపు నిట్టనిలువుగా దిగదు. మన సైట్లలో స్టీల్, సెంట్రింగ్ పనివాళ్లలో ఎక్కువమంది ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. డ్రాయింగు మీద ఇంగ్లిష్‌లో రాసినది అందరికీ అందదు. రంగు పెయింటుతో, నంబరుతో ప్లైవుడ్ మీదే రాస్తే భాషతో పనిలేకుండా అర్థమవుతుంది. పీటీ కేబుళ్ల దారిని కూడా పెయింటుతో గీస్తే, షట్టర్ విప్పాక ఆ గీత స్లాబ్ అడుగున అచ్చుపడి ఉంటుంది. తర్వాత డ్రిల్ చేసేవాడికి అదే హెచ్చరిక.

ఆ తర్వాత బాక్సులు, స్లీవ్‌లు. థర్మకోల్ ముక్కలు చవక, కానీ వైబ్రేటర్ కింద నలిగి, పక్కకు జరిగి, రంధ్రం ఆకారం పోతుంది. ప్లైవుడ్ లేదా ఇనప బాక్సులు, తీయడానికి వీలుగా కొద్దిగా వాలుతో, షట్టర్ ఆయిల్ రాసి వాడండి. స్లీవ్ లోపల చెక్క బిళ్ల పెట్టి దాన్ని ప్లైవుడ్‌కు మేకులతో బిగించాలి, పై మూత టేపుతో మూయాలి. తడి ప్రాంతాల్లో స్లీవ్ ఫ్లోరింగ్ పైకి 50 మి.మీ. లేచి ఉంటే నీళ్లు కిందికి జారవు.

తర్వాత కింది స్టీల్, కవర్ బ్లాకులతో. మామూలు లోపలి స్లాబ్‌కు ఐఎస్ 456 ప్రకారం 20 మి.మీ. కవర్ (కడ్డీని కప్పే కాంక్రీట్ మందం). ఆపై పీటీ కేబుళ్లు వాటి చెయిర్ల (ఎత్తు నిలిపే స్టాండ్ల) మీద. ఆ తర్వాతే కండ్యూట్లు, చివరికి పై స్టీల్. కింది స్టీల్‌కూ పై స్టీల్‌కూ మధ్య కరెంటు, ప్లంబింగ్ వాళ్లకు ఒక పూర్తి పగలు రాసివ్వండి. ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే అమలు చేయగలిగితే ఇదే చేయమంటాను. ఆ రోజు దొరకనప్పుడే ఎలక్ట్రీషియన్ పై కడ్డీలను బలవంతంగా ఎత్తి పైపు దూరుస్తాడు, కట్టు వైరు తెంపుతాడు, పీటీ డక్టుకే (కేబుల్ తొడుగుకే) కండ్యూట్ కట్టేస్తాడు. తప్పు అతనిది కాదు, ప్రోగ్రామ్‌లో అతనికి చోటు లేదు. కడ్డీ అడ్డొస్తే కోయకుండా పిలవాలని ముందే చెప్పండి. పిలిస్తే వెంటనే వెళ్లండి కూడా. వెళ్లకపోతే ఇంకోసారి పిలవరు.

ముందురోజు: తనిఖీ, సంతకాలు

పోర్ కార్డు (పోతకు ముందు అందరూ సంతకం పెట్టే తనిఖీ పత్రం) మీద ప్రతి ట్రేడ్‌కూ ఒక వరస ఉండాలి. మీరు డ్రాయింగు పట్టుకుని, ఆ ట్రేడ్ సూపర్‌వైజర్‌తో కలిసి ఒక్కో నంబరూ తాకుతూ నడవండి. ఆఫీసులో కూర్చుని పెట్టిన సంతకం డెక్ మీద ఎందుకూ కొరగాదు. చూడాల్సినవి: స్లీవ్ లెక్క డ్రాయింగుతో సరిపోయిందా, మూతలు ఉన్నాయా, కండ్యూట్ జాయింట్లకు గమ్ము పట్టిందా, లోపల లాగుడు వైరు ఉందా, అదనపు స్టీల్ రంధ్రాల చుట్టూ పడిందా, గ్లేజింగ్ ప్లేట్లు అంచున సరైన లెవెల్‌లో ఉన్నాయా, పీటీ కేబుల్ ఎత్తులు తొక్కుళ్లకు తగ్గాయా. గ్రిడ్ నంబరు కనిపించేలా, పక్కన టేపు పరిచి ప్రతి ప్యానెల్‌కూ ఫోటో తీయండి. ఏడాది తర్వాత ఇంటీరియర్ వాళ్లు డ్రిల్ చేయాలన్నప్పుడు ఆ ఫోటోలే దిక్కు.

ఒక్క సంతకం తగ్గినా కాంక్రీట్ ఆర్డరు ఇవ్వకండి. 600 చదరపు మీటర్లు, 200 మి.మీ. అంటే డ్రాప్‌లు కాకుండానే 120 ఘనపు మీటర్లు. 6 ఘనపు మీటర్ల మిక్సర్ లారీలైతే 20. ఐఎస్ 4926 ప్రకారం రెడీమిక్స్‌ను లోడు చేసిన రెండు గంటల్లోపు దించేయాలి. లారీలు గేటు దగ్గర వరసకట్టాక "సార్, ఆ మూల స్లీవ్ మరిచాం" అన్న మాట వినపడితే ఇక ఎవరూ ప్రశాంతంగా నిర్ణయం తీసుకోలేరు.

పోత రోజు, ఆ తర్వాత

ప్రతి ట్రేడ్ నుంచీ ఒక మనిషి చివరిదాకా డెక్ మీద ఉండాలి. చేతిలో కట్టు వైరు, టేపు, కొన్ని అదనపు కప్లింగులు ఉండాలి. పంపు పైపును ఈడ్చేటప్పుడు కండ్యూట్లు చిట్లుతాయి, బాక్సులు తేలి పక్కకు జరుగుతాయి. వైబ్రేటర్ సూది స్లీవ్‌కు ఆనించకుండా చుట్టూ తిప్పమని మేస్త్రీకి చెప్పండి. దట్టంగా కండ్యూట్లు ఉన్న చోట కాంక్రీట్ కిందికి దిగిందో లేదో ప్రత్యేకంగా చూడాలి. రాత్రి పోత అయితే లైట్లు ముందే సరిచూసుకోండి. చీకట్లో ఊడిన మూత కనిపించదు.

మర్నాడు బాక్సులు ఊడదీసిన వెంటనే ప్రతి రంధ్రం మీదా జరగని మూత బిగించండి. పెద్ద షాఫ్టుల్లో తేలికపాటి స్టీల్ మెష్‌ను అలాగే వదిలి, పైపులు దించే రోజున కోస్తే మనుషులు పడే ప్రమాదం తప్పుతుంది. రెండు మూడు రోజుల్లో ప్రతి కండ్యూట్‌లోనూ వైరు లాగి చూడండి. ఎక్కడ పూడుకుందో ఇప్పుడే తెలిస్తే వేరే దారి వెతుక్కోవడానికి సమయం ఉంటుంది.

రంధ్రాలు అనుకున్న చోటే పడ్డాయో లేదో మళ్లీ టోటల్ స్టేషన్‌తో కొలిచి, తేడాలను ఆ కలిపిన డ్రాయింగు మీదే ఎర్ర సిరాతో రాయండి. టవర్లలో అంతస్తులు చాలావరకు ఒకేలా ఉంటాయి. కాబట్టి ఈ అంతస్తులో తేలిన తేడాలు సరిదిద్దిన కొత్త కాపీ, పై అంతస్తు ప్లైవుడ్ మీద మార్కింగు మొదలయ్యేలోపు అన్ని ట్రేడ్‌ల చేతికీ చేరాలి. పాత కాపీలు వెనక్కి తీసుకుని చించేయండి.